మడత మామయ్య వంద ప్రశ్నలు

మడత మామయ్యకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు గాని, ఎందుకు పెట్టారో మాత్రం వీధిలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. ఆయన చేతికి చిక్కిన వస్తువు ఏదీ మడత పడకుండా బయటికి రాదు. చొక్కాలూ దుప్పట్లూ అంటే సరే, అది ఆయన బతుకుతెరువు. టీ తాగిన కాగితపు కప్పును సైతం నాలుగు మడతలు పెట్టిగాని బుట్టలో వెయ్యడు. పేపరు చదవడానికి తీసుకుంటే మీకు తిరిగి వచ్చేసరికి అది జేబులో పట్టేంత అవుతుంది.

ఆయనది ఇస్త్రీ దుకాణం. ఒక షట్టరు, గడప దగ్గర మూటలందించే అడ్డబల్ల, లోపల ఇస్త్రీకి ఒక బల్ల, రెండు ఇస్త్రీ పెట్టెలు, గోడకు మూడు అరలు, ఆ అరల్లో చీటీలు కట్టిన మూటలు. పొద్దున్నే షట్టరెత్తి, స్విచ్చి వెయ్యబోయే ముందు ఇస్త్రీ పెట్టెను కళ్ళకద్దుకుంటాడు. "నలుగురి ఒంటి మీదికి వెళ్ళే బట్ట స్వామీ, నా చేతిలో కాలకుండా చూడు" అని రోజూ అదే మాట. అంతకన్నా పెద్ద కోరిక ఆయన దేవుణ్ణి కోరగా ఎవరూ వినలేదు. మనిషి పొడుగు, మాట పొట్టి. తెలియనిది అడిగితే "నాకు తెలియదండీ" అని, ఆ తెలియకపోవడాన్ని కూడా శుభ్రంగా మడతపెట్టి మన చేతిలో పెడతాడు.

ఆయన పక్కనే ఆయన భార్య. వీధికంతటికీ అత్తయ్య. బట్టల మీద నీళ్ళు చిలకరించేదీ, బరువైన దుప్పట్లు ఇస్త్రీ చేసేదీ ఆవిడే. ఏడాదిగా ఆవిడకు కుడి భుజం నొప్పి. ఎవరికీ చెప్పలేదు. కాని మామయ్య చూశాడు. పై అరలో మూట పెట్టాల్సి వస్తే ఎడమచేయి వాడుతోంది. జడ వేసుకునేటప్పుడు మధ్యలో ఆగి, గోడ వంక చూసి, మళ్ళీ మొదలుపెడుతోంది. డాక్టరు రాసిన మందు పూస్తే రెండు రోజులు తగ్గేది, మూడోరోజు దుప్పట్లొచ్చేవి.

ఇదీ మామయ్య గుండెల్లో పడ్డ ముడత. ఎంత వేడి పెట్టినా పోని ముడత.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాత మిషన్లు కొని అమ్మే వ్యాపారి ఒకాయన బట్టలు ఇవ్వడానికి వచ్చి, మాటల్లో ఒక ఆవిరి మిషన్ సంగతి చెప్పాడు. కూర్చుని కాలితో తొక్కితే చాలు, పైపలక దానంతటదే దిగి దుప్పటిని అదిమేస్తుందట. ఎక్కడో మూసేసిన హోటల్లోది. మామయ్య ఆ వ్యాపారి చొక్కాలు రోజూ కన్నా రెండింతలు శ్రద్ధగా చేసిచ్చి, "ఆ మిషన్ ఎవరికీ ఇవ్వకండి బాబూ, కొన్నాళ్ళు ఆగండి" అన్నాడు. అత్తయ్యకు చెప్పలేదు. ఒక రోజు ఆవిడ కళ్ళు మూయించి, దాని ముందు కూర్చోబెట్టాలని ఆశ.

డబ్బు ఎక్కడిదంటారా? ఇక్కడ మేనకోడలు రావాలి.

వీధంతా మామయ్యా అని పిలిచినా, ఆ పిలుపుకు అసలు హక్కుదారు ఒక్కతే, ఆయన అక్క కూతురు. కంప్యూటర్ల ఉద్యోగం. మొదటి జీతం రాగానే మామయ్యకు ఏదైనా కొనిపెట్టాలనుకుంది. "చొక్కా కొంటే నువ్వే ఇస్త్రీ చేసుకుంటావు, అదేం బహుమతి?" అని, కంప్యూటర్లలో మాత్రమే ఉండే క్రిప్టో నాణేలు నాలుగు కొని ఆయన పేరు చెప్పి పక్కన పెట్టింది. "కంటికి కనబడదు, చేతికి తగలదు, దీన్నెలా మడతపెట్టనే?" అని మామయ్య తెల్లబోయాడు. రెండేళ్ళు ఆ సంగతే మరిచిపోయాడు. మిషన్ మాట వచ్చాక గుర్తొచ్చి అడిగితే, నాణెం ధర రెండు వందల నలభై డాలర్లు పలికిన రోజున నాలుగూ అమ్మితే మిషన్ వచ్చేస్తుందని లెక్క తేలింది. "ఎప్పుడు అమ్మమంటే అప్పుడు చెప్పు మామయ్యా, రెండు నిమిషాల్లో అమ్మేస్తాను" అంది మేనకోడలు.

అప్పటి నుంచి మామయ్యకు ధర తెలుసుకోవాల్సిన పని పడింది. చేతిలో వేడి పెట్టె, కళ్ళు కాలరు మీద. ఖాళీగా ఉన్నది నోరొక్కటే. అందుకని ఫోనులో మాట్లాడే సహాయకురాలిని అడగడం మొదలుపెట్టాడు. గొంతు ఆడపిల్లది గనక ఆయనకు అమ్మా అనే అలవాటైంది.

"అమ్మా, మన నాణెం ఎంతుందమ్మా?"

"నూట ఎనభై ఏడు" అనేది ఆ పిల్ల, పరీక్షలో మొదటి బెంచీ పిల్లలా టక్కున.

మర్నాడు అడిగినా నూట ఎనభై ఏడే. వారం తర్వాతా అంతే. నాలుగు నెలలు నూట ఎనభై ఏడు. మామయ్యకు ముచ్చటేసింది. "చూశావా, ఎంత నిలకడైన నాణెమో! మనుషుల్లో కూడా ఇంత నిలకడ చూడం" అని ఎదుటి సెలూన్ అతనికి చెప్పాడు. ఈ సెలూన్ అతను మామయ్యకు అల్లుడూ కాదు, చుట్టమూ కాదు. వీధికంతా మామయ్య గనక తాను అల్లుణ్ణని తనకు తానే వరస కలుపుకున్నాడు. ఆ రోజు చేతిలో దువ్వెనతో కడుపుబ్బ నవ్వాడు.

"మామయ్యా, అది నిలకడ కాదు. ఆ పిల్ల నీకు నాలుగు నెలల నాటి ఇస్త్రీ చొక్కానే రోజూ తీసి చూపిస్తోంది. ఇప్పుడు ధర రెండు వందల పది దాటింది!"

మామయ్య మొహం చిన్నబోయింది. తెలియనిది ఎన్నడూ చెప్పని మనిషి, నాలుగు నెలలపాటు వీధిలో తప్పు ధర చెప్పుకుంటూ తిరిగాడు. అడిగినవాళ్ళలో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి "నేను చెప్పింది తప్పండీ" అని చెప్పొచ్చాడు. ఎవరూ అసలు వినిపించుకోలేదని అప్పుడు తెలిసి, కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఆదివారం మేనకోడలు వచ్చి, ఫోను ముందేసుకుని రెండు గంటలు ఏదో చేసింది.

"అది అబద్ధం చెప్పలేదు మామయ్యా. బోలెడు చదువుకుంది గాని బజారు మొహం చూడలేదు. చదువుకున్ననాటి ధరే దానికి తెలుసు. ఇప్పుడు బజారుకు దారి వేశాను. నువ్వు అడిగినప్పుడల్లా వెళ్ళి, చూసొచ్చి, ఏ గంటకు చూసిందో కూడా చెబుతుంది."

"వెళ్ళి చూసొస్తుందా? పాపం, ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. కాకపోతే ఇది ఉచితంగా ఇచ్చిన దారి. రోజుకు వందసార్లే. వంద దాటితే మళ్ళీ మర్నాటిదాకా వెళ్ళనివ్వరు."

"వందే! అన్నిసార్లు ఎవరడుగుతారే?" అన్నాడు మామయ్య.

ఎవరడుగుతారో బుధవారానికి తెలిసింది. మామయ్యే అడిగాడు. చొక్కాకొక్కసారి. మొదటి రోజు ఆనందంలో ముప్పై చొక్కాలకు ముప్పై సార్లు. దానికి తోడు సెలూన్ అల్లుడు. అతనికి వేరే నాణెం ఉంది. చేతిలో కత్తి ఉండగా ఫోను చూసుకోలేడు గనక వీధి దాటేలా కేక వేసేవాడు. "మామయ్యా, నాది కూడా ఓసారి అడుగు!" ఇంకొకరు లెక్కల మాస్టారు. ఉద్యోగం మానుకున్నాక ఆయన పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా సెలూన్లోనే పేపరు చదువుతూ కూర్చుంటారు. ఆయనకు నాణెమూ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. కాని నిన్నటికీ ఇవాళ్టికీ ఎన్ని నాణేలు చేతులు మారాయి, నూటికి ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, ఇవన్నీ అడిగించుకుని, పేపరు అంచున తాను వేరే కట్టి, ఆ పిల్ల చెప్పిన జవాబు సరిపోతే "బాగా చదువుకుందయ్యా" అని మెచ్చుకునేవారు. అడిగినవాళ్ళకు లేదనడం మామయ్యకు రాదు. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి ఫోను చేతులెత్తేసింది.

అప్పుడు మామయ్య తన పద్ధతిలో ఒక పద్ధతి పెట్టాడు. దుకాణంలో అడ్డంగా తీగె కట్టి, దానికి బట్టలారేసే క్లిప్పులు వంద తగిలించాడు. పొద్దున్నే అన్నీ ఎడమవైపు. ఒక ప్రశ్న అడిగితే ఒక క్లిప్పు కుడివైపుకు జరపాలి. అల్లుడికి పది, మాస్టారికి అయిదు, మిగిలినవి తనవి. "నమస్కారమమ్మా" అన్నదానికి కూడా ఒక క్లిప్పు జరిపేవాడు. నమస్కారాలు లెక్కలోకి రావని మేనకోడలు ఎంత చెప్పినా వినలేదు.

"మనం నమస్కారం పెడితే ఆ పిల్ల మళ్ళీ పెడుతుంది కదే, ఆ శ్రమ ఎవరిది?"

ఆ పిల్ల ధర చెప్పాక ప్రతిసారీ "ఇది పెట్టుబడి సలహా కాదు" అని కలిపేది. మామయ్య ప్రతిసారీ "అలాగేనమ్మా, గుర్తుంది" అనేవాడు. దుప్పటి చివర పట్టుకుని నిలబడ్డ అత్తయ్య ఇదంతా విని, "ఇన్నేళ్ళలో నేను చెప్పినదానికి ఇంత చక్కగా తలాడించారా ఎప్పుడైనా?" అనేది. మామయ్య అదేదో వాతావరణం మాటైనట్టు తల వంచుకుని కాలరు మీద పెట్టె నడిపేవాడు.

తర్వాతి వారం గురువారం నాణెం ఒక్కసారిగా పన్నెండు దిగింది. ఆ మాట చెవిన పడ్డప్పుడు ఆయన చేతిలో మాస్టారి తెల్ల చొక్కా ఉంది. పెట్టె జేబు మీద ఆగింది. పొగ లేచాక గాని ఆయనకు చొక్కా గుర్తు రాలేదు. జన్మలో ఆయన చేతిలో కాలిన మొదటి బట్ట అది. అత్తయ్య చొక్కా అడుగు అంచు నుంచి గుడ్డ కత్తిరించి, కాలిన జేబు విప్పి, కొత్తది కుట్టింది. కుట్టేటప్పుడు రెండుసార్లు సూది కింద పెట్టి భుజం నొక్కుకుంది. మామయ్య చొక్కా పట్టుకెళ్ళి జరిగింది చెప్పి తల వంచుకున్నాడు. మాస్టారు జేబును అటూ ఇటూ చూసి, "పాతది వంకరగా ఉండేదయ్యా, ఇప్పుడు తొంభై డిగ్రీలు వచ్చింది" అని అదే చొక్కా వేసుకుని బయల్దేరారు. మనుషుల్లో దేవుడు ఇలాగే, పెద్ద చప్పుడు లేకుండా కనిపించి వెళ్ళిపోతూ ఉంటాడు.

శుక్రవారం మిషన్ల వ్యాపారి ఫోను చేశాడు. "ఇంకొకాయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడండీ. మీ మాట మీద ఆపాను. రేపు సాయంత్రం నాలుగింటి వరకూ చూస్తాను." నాణెం అప్పటికి మళ్ళీ లేచి రెండు వందల ముప్పై దగ్గర ఊగుతోంది.

శనివారం పొద్దున్న మామయ్య పెట్టెను కళ్ళకద్దుకుని రోజూ చెప్పే మాటతో ఆగలేదు. "ఒక్క పది అంకెలు పైకి తొయ్యి స్వామీ" అని కలిపి, అడిగినందుకు తానే సిగ్గుపడ్డాడు. ఈ రోజు ఎవరూ అడగవద్దని అల్లుడికీ మాస్టారికీ ముందు రోజే చెప్పాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. తాను కూడా చొక్కాకొక్కసారి అడగదలచుకోలేదు. జేబు కాలిన దగ్గర్నుంచి ఆయనకు తన మీద నమ్మకం పోయింది. ఆ పిల్లను ఊరికే తిప్పడం కూడా ఇష్టం లేకపోయింది. ఏడింటికి ఫోను దగ్గరకు తీసుకుని, దూరప్రయాణంలో బస్సు కండక్టరుకు చెప్పుకున్నట్టు చెప్పాడు.

"నమస్కారమమ్మా. మన నాణెం రెండు వందల నలభై తాకగానే నన్నొక కేక వెయ్యి తల్లీ. అంతవరకూ నేను నిన్ను విసిగించను."

"అలాగే. ధర గమనిస్తూ ఉంటాను" అంది ఆ పిల్ల.

నమస్కారానికొకటి, కోరికకొకటి, రెండు క్లిప్పులు జరిపి మామయ్య పనిలో పడ్డాడు. రెండు ఇస్త్రీ పెట్టెలతో దుకాణంలో ప్లగ్గులు నిండిపోతాయి గనక ఏడున్నరకు ఫోనును ఛార్జింగ్ కోసం సెలూన్లో పెట్టి, ఎనిమిదిన్నరకు తెచ్చుకున్నాడు. అదీ రోజూ అలవాటే.

తొమ్మిదైంది. పదైంది. పిలుపు లేదు. ఆ పిల్లకు మాటిచ్చాడు గనక మామయ్య అడగలేదు. పెదవులు బిగించుకుని పదకొండు దుప్పట్లు, ఇరవై చొక్కాలు తేల్చాడు. ఒక్కటి కాలలేదు. పదకొండింటికి మాత్రం ప్రాణం ఆగక, "అమ్మా, కోప్పడకు, ఒక్కసారి..." అన్నాడు.

"ఈ రోజుకు అనుమతించిన వంద ప్రశ్నలు పూర్తయ్యాయి. చివరిసారి ఎనిమిది గంటల నలభై నిమిషాలకు చూసిన ధర రెండు వందల ముప్పై రెండు."

మామయ్య తీగె వంక చూశాడు. కుడివైపు రెండు క్లిప్పులు. ఎడమవైపు తొంభై ఎనిమిది, పొద్దున పెట్టినవి పెట్టినట్టు వరసగా ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. అత్తయ్య చేత కూడా లెక్కపెట్టించాడు. ఆయన చూపు మెల్లగా వీధి దాటి సెలూన్ మీద ఆగింది. ఫోను అక్కడ గంటసేపు ఉంది!

కోపమంటే అలవాటు లేని మనిషికి కోపం వస్తే దాన్నెక్కడ పెట్టుకోవాలో తెలియదు. మామయ్య చేతిలో ఇస్త్రీ చేసిన ప్యాంటుతోనే వీధి దాటాడు.

"అల్లుడూ, నా ప్రశ్నలన్నీ నువ్వే వాడేశావా?"

సెలూన్ అతనికి అర్థం కాలేదు. "ఏ ప్రశ్నలు మామయ్యా?"

"తొంభై ఎనిమిది. నీ దగ్గర గంటసేపు ఉంది ఫోను. ఇవాళ ఒక్కరోజు వద్దని అంతగా చెప్పానే!"

"నేనా? నీ ఫోను ముట్టుకుంటే ఒట్టు! ఈ చేతిలో కత్తి, ఎదురుగా గడ్డాలు. గంటలో నలుగురికి గీశాను. నీ ఫోనుతో కబుర్లాడుతూ కూర్చుంటానా?"

మూల కుర్చీలోంచి మాస్టారు పేపరు దించి, అంచున గబగబా లెక్క కట్టారు. "గంటకు తొంభై ఎనిమిది ప్రశ్నలంటే ముప్పై ఏడు సెకన్లకొకటి పడుతుంది. గడ్డం గీస్తూ అడిగితే ఈపాటికి ఎవరో ఒకరికి ముక్కు ఉండదు. నలుగురూ ముక్కులతోనే వెళ్ళారు, నేను చూశాను."

అయినా మామయ్య మొహం విచ్చుకోలేదు. "మరి ఎవరు?" అన్నాడు. ఆ మాట బతిమాలినట్టు లేదు, అడిగినట్టూ లేదు. సెలూన్ అతను దువ్వెన గాజుబల్ల మీద పెట్టేశాడు.

"నన్నిలా అంటావనుకోలేదు మామయ్యా" అన్నాడు చిన్నగా. అని అటు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

మామయ్య ప్యాంటు పట్టుకుని తిరిగొచ్చాడు. అది నలిగిపోయి ఉంది. అత్తయ్య దాన్ని తీసుకుని మళ్ళీ బల్ల మీద పరిచి, "ముందు మన పిల్లకు ఫోను చెయ్యండి. ఆ వంద పెట్టింది అదే కదా, అదే చెబుతుంది" అంది.

మేనకోడలు అంతా వింది. తర్వాత ఫోనులోంచి వచ్చింది ఏడుపో నవ్వో మామయ్యకు కాసేపు తెలియలేదు.

"మామయ్యా, రెండు వందల నలభై రాగానే పిలవమని చెప్పావా?"

"చెప్పాను. పిల్లను పదేపదే తిప్పడమెందుకని."

"వచ్చిందో లేదో దానికెలా తెలుస్తుంది? వెళ్ళి చూడాలి కదా! నువ్వు ఏడింటికి చెప్పావు. అప్పట్నుంచి నిమిషానికోసారి బజారుకు పరిగెత్తి చూసొస్తోంది. వంద నిమిషాలు, వందసార్లు. ఎనిమిది నలభైకి దాని వంతులు అయిపోయాయి. అక్కడితో ఆగిపోయింది."

మామయ్య ఊరికే తిప్పడమెందుకని దయ తలచి, ఆ పిల్లను తెల్లవారి నుంచి నిమిషానికోసారి పరుగెత్తించాడు! దాని సంగతి అటుంచితే, ఇంకొక సంగతి గుర్తొచ్చింది.

"మరి ధర?"

అవతల మీటలు నొక్కిన చప్పుడు. "పదింటికి రెండు వందల నలభై ఒకటి అయింది మామయ్యా. పదకొండు నిమిషాలు అక్కడే ఉంది. తర్వాత జారింది. ఇప్పుడు రెండు వందల ఆరు." కాస్త ఆగి, "నేనైనా చూసుకోవాల్సింది. నాలుగింటి వరకు నేను చూస్తూనే ఉంటాను, పైకొస్తే అమ్మేస్తాను" అంది. గొంతులో బెంగ.

"నీ ఉద్యోగం నువ్వు చేసుకో తల్లీ. నువ్వు ఇచ్చిందే గొప్ప" అన్నాడు మామయ్య.

ఫోను పెట్టి, మొహం కడుక్కుని, తిన్నగా సెలూన్‌కు వెళ్ళాడు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు.

"గడ్డం గియ్యి."

"పొద్దున్నే గీశాను" అన్నాడు సెలూన్ అతను అద్దంలోకి చూస్తూ.

"మళ్ళీ గియ్యి. కత్తి నీ చేతిలో ఉంటేగాని నాకు మాట పెగలదు."

సెలూన్ అతను నురగ రాశాడు. కత్తి బుగ్గ మీద పెట్టాక మామయ్య కళ్ళు మూసుకుని చెప్పాడు.

"తప్పు నాది. వాడింది నువ్వు కాదు, నేనే. వంద ప్రశ్నలూ నేనే అడిగించి, నీ మీద పడ్డాను. ఇప్పుడు నీ ఇష్టం."

కత్తి ఒక్క క్షణం ఆగింది. "ఎప్పుడైనా ఇంకొకసారి నన్ను అనుమానించావో, నీ మీసం ఒకవైపే ఉంచి పంపిస్తాను."

"ఆయనకు మీసం లేదు కదయ్యా" అన్నారు మాస్టారు పేపరు వెనకనుంచి.

"పెంచి మరీ తీసేస్తాను మాస్టారూ!"

ముగ్గురూ నవ్వారు. మామయ్య కళ్ళ నీళ్ళు నురగలో కలిసిపోయాయి గనక ఎవరూ చూడలేదు, చూసినా చూడనట్టే ఉన్నారు. అప్పుడు మిషన్ సంగతి, నాలుగింటి గడువు, అత్తయ్య భుజం సంగతి మొత్తం చెప్పాడు.

మధ్యాహ్నం రెండింటికి నాణెం రెండు వందలకు దిగింది. మూడింటికీ అక్కడే ఉంది. అవతల ఇంకొకాయన మిషన్ కోసం ఎదురుచూస్తున్నాడని గుర్తొచ్చి, మామయ్య నాలుగయ్యేదాకా ఆగకుండా వ్యాపారికి ఫోను చేశాడు. "ఆయనకు ఇచ్చెయ్యండి బాబూ. మా ఆవిడ కోసం ఆశపడ్డాను గాని కుదరలేదు. మా వల్ల ఆయనకు ఇప్పటికే ఆలస్యమైంది."

వ్యాపారి మంచివాడు. పది నిమిషాలాగి తిరిగి ఫోను చేశాడు. మామయ్య అప్పుడు ఇస్త్రీ మూట ఇవ్వడానికి పక్కింటికి వెళ్ళాడు. ఫోనెత్తింది అత్తయ్య.

"మీరు నిరాశపడకండమ్మా. మీ కోసం ఆయన ఎంతో ఆశపడ్డారు. కూర్చుని చేసుకునే ఇంకో మిషన్ ఏదైనా వస్తే ముందు మీకే చెబుతాను" అన్నాడు.

మామయ్య తిరిగొచ్చేసరికి అత్తయ్య బల్లకు ఆనుకుని నిలబడి ఉంది.

"మిషనా? నాకా?"

దొరికిపోయిన మామయ్య చేతిలోని ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టాడు. అయిదోది పడలేదు.

"నీ భుజం... నాకు తెలుసు. ఏడాదిగా చూస్తున్నాను. కూర్చుని చేసుకుంటావని..."

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మాత్రం ఊరుకోలేదు.

"రోజుకు వందసార్లు ఆ ఫోనును అడిగారే! వందలో ఒక్కసారి నన్ను అడగొచ్చుగా? 'ఏమోయ్, భుజం ఎందుకు నొప్పి?' అని."

"ఎందుకు?"

"బల్ల ఎత్తు! మీ పొడుగు చూసి చేయించారు దీన్ని. నేను మునివేళ్ళ మీద నిలబడి, చేయి పైకెత్తి పెట్టెను తొయ్యాలి. నాలుగు వేళ్ళు తగ్గిస్తే చాలు."

"ఇన్నేళ్ళుగా చెప్పలేదేం?"

"మీకు సరిపోయింది కదా అని ఊరుకున్నాను. ఇంతకుముందు దుప్పట్లు తక్కువ. ఇప్పుడు ఎక్కువయ్యాయి."

ఒకరి కోసం ఒకరు నోరు మూసుకుని ఇద్దరూ బాధపడ్డారు. దేవుడికి మాత్రం ఇద్దరి గొంతులూ వినబడి ఉంటాయి. విని, నవ్వుకుని ఉంటాడు.

అయిదింటికి బల్ల వీధిలోకి వచ్చి తలకిందులుగా పడింది. సెలూన్ అల్లుడు ఎక్కణ్ణుంచో రంపం తెచ్చాడు. నాలుగు వేళ్ళంటే ఎవరి వేళ్ళని మాస్టారు అడిగారు. అత్తయ్య చేయి చూపిస్తే స్కేలు పెట్టి కొలిచి, కాళ్ళకు నాలుగు గీతలు పెట్టారు. మామయ్య పట్టుకున్నాడు, అల్లుడు కోశాడు. బల్లను లోపల నిలబెడితే ఒక మూల కొట్టుకుంది.

"నా కొలత తప్పదు. నేలే వాలుగా ఉంది" అన్నారు మాస్టారు. నిజమే, నీళ్ళు పోవడానికి గడప వైపు వాలు పెట్టారు. వెనక కాళ్ళు కొంచెం కోశారు. ఈసారి ముందు వైపు లేచింది. ముందు కాళ్ళు కోశారు. ఎడమది పొట్టైంది. "మిగతా మూడూ దానికి తగ్గించాలి" అన్నారు మాస్టారు. "మీరు ఇంక గీతలు పెట్టకండి మాస్టారూ, బల్ల పీట అయిపోతుంది" అని అల్లుడు మొత్తుకున్నాడు. అప్పటికే చేయాల్సిందంతా అయింది. ఎట్టకేలకు బల్ల కదలకుండా నిలబడింది, కాకపోతే అత్తయ్య నడుముకు కూడా కిందుగా.

అందరూ తలలు దించుకున్నారు. సెలూన్ అల్లుడు రంపాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

అత్తయ్య బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. మూలనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. మోచేయి సరిగ్గా బల్ల ఎత్తుకు వచ్చింది. దుప్పటి పరిచి, పెట్టె తీసుకుని, భుజం కదలకుండా చేయి మాత్రం చాపి ఇటు నుంచి అటు ఒక్కసారి నడిపింది. మళ్ళీ నడిపింది. "ఇలాగే ఉంచండి" అంది.

ఆ సాయంత్రం నాణెం మళ్ళీ రెండు వందల నలభై దాటిందని మేనకోడలు ఫోను చేసి, అమ్మమంటావా మామయ్యా అని అడిగింది. మామయ్య ఈసారి తిన్నగా భార్య వంక తిరిగి అడిగాడు. "ఉండనివ్వండి, అమ్మాయి ప్రేమగా ఇచ్చింది" అందావిడ. ఉండనిచ్చారు.

ఇప్పుడు మామయ్యకు కూడా స్టూలు తప్పలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని దుప్పటి చెరో చివరా పట్టుకుంటారు. వీధిలోంచి చూస్తే గడప ముందున్న అడ్డబల్ల వెనక ఎవరూ కనిపించరు. మొన్న మాస్టారు వచ్చి, ఖాళీ దుకాణం చూసి, "ఏమయ్యా, లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేక వేశారు. జవాబు రాలేదు. లోపల అత్తయ్య ఏదో చెబుతోంది, మామయ్య వింటున్నాడు. కాసేపటికి అడ్డబల్ల పైకి ఒక పొడుగాటి చేయి లేచింది. దాని మీద మాస్టారి తెల్ల చొక్కా, అంచులు కలిపి, నాలుగు మడతల్లో ఉంది.